గోడ కట్టే చేతులు... గోడ చాటు మాటలు

సాయంత్రం ఆరు దాటాక హనుమాన్ జంక్షన్ కూడలిలో కాసేపు నిలబడితే చాలు, నాలుగు దిక్కుల ఆఫీసులూ అక్కడే కలుస్తాయి. విజయవాడ బస్సు దిగే బ్యాంకు ఉద్యోగులు, ఏలూరు వైపు వెళ్లే టీచర్లు, గుడివాడ బస్సు కోసం ఎదురుచూసే నర్సులు, నూజివీడు రోడ్డులో ఆటో ఎక్కే మిల్లు గుమాస్తాలు. భుజాన క్యారేజీ సంచి, చేతిలో టీ గ్లాసు. అందరి నోటా మొదటి మాట ఒక్కటే: 'ఇవాళ మా ఆఫీసులో ఏమైందో తెలుసా?'

ఆ మాటలో తప్పేమీ లేదు. పగలంతా పనిచేసి అలసిన మనిషికి టీ ఎంత అవసరమో, మనసు విప్పి నాలుగు మాటలు చెప్పుకోవడమూ అంతే అవసరం. ఆ తర్వాత వచ్చే మాట ఎవరి గురించి, ఏ ఉద్దేశంతో, ఎవరి చెవిలో పడుతోంది అన్నదే అసలు ప్రశ్న. ఎందుకంటే ఆ కూడలిలో టీ చల్లారేలోగా ఒక మనిషి పేరు చల్లారిపోవచ్చు. మన ప్రాంతంలో ప్రైవేటు ఉద్యోగాలు చేసేవారిలో చాలామందికి నియామక పత్రం ఉండదు, యూనియన్ ఉండదు. సర్వీసు రిజిస్టరు లేని ఉద్యోగికి పేరే సర్వీసు రిజిస్టరు. అందులో ఎవరు పడితే వారు ఎర్ర సిరాతో గీతలు గీస్తే ఆ కుటుంబం అన్నమే పోతుంది.

ఒక చిన్న ప్రైవేటు స్కూలు అనుకుందాం. లెక్కల మాస్టారు రెండు రోజులు సెలవు పెట్టి, తల్లిని విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. 'ఆయన విజయవాడలో కనిపించాడు' అని ఒకరు అన్నారు. అది నిజమే. 'కార్పొరేట్ కాలేజీలున్న వీధిలోనే కనిపించాడట' అని మరొకరు కలిపారు. 'ఇంటర్వ్యూకే వెళ్లి ఉంటాడు' అని మూడో వారు ఊహించారు. సోమవారానికి ఆ ఊహ వార్తయింది, బుధవారానికి యాజమాన్యం చెవిన పడింది. వెళ్లిపోయేవాడికి పదో తరగతి ఎందుకని ఆ సెక్షన్ మరొకరికి ఇచ్చేశారు. ఇందులో కావాలని అబద్ధం చెప్పినవారు ఒక్కరూ లేరు. అందరూ 'విన్నదే' చెప్పారు. తల్లి జబ్బు సంగతి మాత్రం ఎవరూ ఆయన్ను అడగలేదు!

సరుకు మోసే బేరగాడు

చాడీ, పితూరీ, కొండెం, గుసగుస, పుల్లలు పెట్టడం... ఒక్క జబ్బుకు తెలుగులో ఇన్ని పేర్లున్నాయంటే అది మనకెంత పాత చుట్టమో అర్థమవుతుంది. మోషే ధర్మశాస్త్రం కొండెగాడిని నిషేధించిన చోట (లేవీయకాండము 19:16) హెబ్రీ భాషలో 'రాకీల్' అనే మాట ఉంది. ఊరూరా తిరిగి సరుకు అమ్ముకునే బేరగాడిని సూచించే మాటకు అది దగ్గరి చుట్టం. ఎంత చక్కని పోలిక! బేరగాడు ఒక వీధిలో కొన్నది మరో వీధిలో అమ్ముతాడు. సరుకు పాతబడితే బేరం సాగదు కాబట్టి దానికి కొంచెం రంగు పూస్తాడు. చాడీలు చెప్పేవాడి వ్యాపారమూ అదే. అతనికి రోజూ కొత్త సరుకు కావాలి. అది దొరకని రోజు పాతదానికే చిలవలు పలవలు అల్లుతాడు.

ఇంగ్లిషులోని 'గాసిప్' మాట చరిత్ర మరీ విచిత్రం. పాత ఇంగ్లిషులో దాని రూపం 'గాడ్‌సిబ్'. బిడ్డ బాప్తిస్మం సమయంలో ఆ బిడ్డ ఆత్మీయ బాధ్యతను తీసుకునే బంధువు అని దాని అర్థం. అంటే ఒకరి జీవితానికి పూచీ పడే మనిషికి పెట్టిన పేరు అది. కాలక్రమంలో ఆ మాట దగ్గరి స్నేహితులకు, తర్వాత వారి కబుర్లకు, చివరికి పరుల గుట్టు పంచుకోవడానికి వాడుకైంది. పూచీ పోయి గుట్టు మాత్రం మిగిలింది. మన స్నేహాల్లోనూ తరచూ జరిగేది ఇదే కదా! ఒకరి కష్టం మనకు తెలిసినప్పుడు దానికి పూచీ పడతామా, దాన్ని సరుకుగా మారుస్తామా?

అలాగని ఎదుట లేని మనిషి గురించి మాట్లాడిన ప్రతిదీ పాపమే అనలేం. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 467 మంది రోజువారీ సంభాషణలను రికార్డు చేసి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. పక్కన లేని మనిషి గురించి మాట్లాడే ప్రతి మాటనూ వారు లెక్కలోకి తీసుకున్నారు. అలాంటి మాటలకు మనిషి రోజుకు సగటున 52 నిమిషాలు వెచ్చిస్తున్నాడని తేలింది. అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు మంచీ చెడూ లేని మామూలు కబుర్లే. 'ఆమెకు ఏలూరు బదిలీ అయింది', 'వాళ్లబ్బాయికి సీటొచ్చింది' లాంటివి. మిగిలిన భాగంలో మాత్రం మెచ్చుకోలు కంటే నింద ఎక్కువగా ఉంది. కాపురాలనూ కొలువులనూ కూల్చేది ఆ చిన్న భాగమే.

యాభై రెండు అనగానే బైబిలు చదువరులకు మరో లెక్క గుర్తొస్తుంది. నెహెమ్యా నాయకత్వంలో యెరూషలేము ప్రాకారం పూర్తయింది సరిగ్గా 52 రోజుల్లోనే (నెహెమ్యా 6:15). ఒక పనిస్థలంలో పని ఎలా సాగుతుంది, మాట దాన్ని ఎలా కూలుస్తుంది అన్నదానికి ఆ గ్రంథాన్ని మించిన పాఠం అరుదు.

ఎవరి ఇంటి ఎదుట వారు

నెహెమ్యా పారసీక రాజైన అర్తహషస్తకు పానదాయకుడు. ఈనాటి మాటల్లో చెప్పాలంటే రాజభవనంలో మంచి ఉద్యోగం. క్రీ.పూ. 445లో సెలవు అడిగి, అనుమతి పత్రాలు తీసుకుని యెరూషలేముకు వచ్చాడు. ఆ గ్రంథం మూడో అధ్యాయం చదివేవారికి విసుగు పుట్టించే పేర్ల జాబితాలా ఉంటుంది. నిజానికి అది ఒక హాజరు పట్టిక! ఎవరు ఏ గుమ్మం కట్టారు, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా బాగుచేశారు అన్నీ అందులో ఉన్నాయి. యాజకులున్నారు, కంసాలులున్నారు, పరిమళ ద్రవ్యాలు చేసేవారున్నారు. షల్లూము అనే అధికారి తన కుమార్తెలతో కలిసి గోడ కట్టాడు. జబ్బయి కుమారుడైన బారూకు ఆసక్తితో పనిచేశాడని ప్రత్యేకంగా రాశారు. తెకోవ ఊరి పెద్దలు పనికి మెడ వంచలేదన్న సంగతి కూడా దాచకుండా రాశారు. విశేషమేమిటంటే పెద్దలు చేతులు ముడుచుకున్నా, అదే తెకోవ ఊరి సామాన్యులు తమ వంతు ముగించి మరో భాగం కూడా కట్టారు (3:5, 27).

ఆ జాబితాలో పదేపదే వచ్చే మాట ఒకటుంది. చాలామంది తమ తమ ఇళ్ల ఎదుట ఉన్న భాగాన్నే కట్టారు. తన ఇంటి ముందు గోడ బలహీనంగా ఉంటే శత్రువు మొదట వచ్చేది తన ఇంట్లోకే. కాబట్టి ఎవరూ పైపైన మట్టి మెత్తి వెళ్లిపోలేదు. ఉద్యోగి పనిలో ఎప్పుడు లీనమవుతాడు అనే ప్రశ్నను విలియం కాన్ అనే అమెరికా ఆచార్యుడు 1990లో అధ్యయనం చేసి మూడు షరతులు చెప్పారు. చేసే పనికి అర్థముందని అనిపించాలి, భయం లేకుండా మనసులో మాట చెప్పే భద్రత ఉండాలి, పనికి పెట్టగల శక్తి మిగిలి ఉండాలి. నెహెమ్యా 3, 4, 5 అధ్యాయాలు వరుసగా చదివితే ఈ మూడూ అక్కడ కనిపిస్తాయి!

పని తనది కాదని మనసుకు తట్టిన రోజే చెవి పక్క సీటు వైపు తిరుగుతుంది. చాడీలు చెప్పేవారందరూ దుర్మార్గులు కారు. వారిలో చాలామంది ఆఫీసులో తమ మాటకు విలువ లేనివారు, ఏ నిర్ణయంలోనూ తమను పిలవనివారు. 'నాకొక సంగతి తెలుసు' అన్నప్పుడు మాత్రమే పదిమంది వారి చుట్టూ చేరతారు. ఆ పది నిమిషాల పెద్దరికం కోసం వారు ఇంకొకరి పరువును ఖర్చుపెడతారు. గ్యాలప్ సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా మనసు పెట్టి పనిచేస్తున్న ఉద్యోగులు నూటికి 21 మందే. మిగిలినవారి చేతులు సీటులో ఉన్నాయి, మనసు మరోచోట ఉంది. ఖాళీగా ఉన్న మనసు ఎక్కువసేపు ఖాళీగా ఉండదు.

'గష్ము కూడా అంటున్నాడు'

గోడ లేస్తుంటే సన్బల్లటు, టోబీయా మొదట ఎగతాళి చేశారు. తర్వాత దాడి చేస్తామని బెదిరించారు. రెండూ పారకపోయాక మూడో ఆయుధం తీశారు. అదే వదంతి! ఆరో అధ్యాయంలో సన్బల్లటు తన పనివాడి చేతికి ఒక ఉత్తరం ఇచ్చి పంపాడు. ఆ ఉత్తరానికి ముద్ర వేయలేదు, విప్పి ఉంచాడు. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు, చదవాలన్నదే ఉద్దేశం. నెహెమ్యా రాజు కావాలని చూస్తున్నాడనీ, తిరుగుబాటుకే గోడ కడుతున్నాడనీ జనం అనుకుంటున్నారట, గష్ము కూడా అదే అంటున్నాడట! ఉత్తరం సారాంశం ఇదే.

ఈ ఉత్తరంలో చాడీ లక్షణాలన్నీ ఉన్నాయి. 'జనం అనుకుంటున్నారు' అన్నాడు, ఆ జనం ఎవరో చెప్పలేదు. ఒక పేరు సాక్ష్యంగా తగిలించాడు, ఆ గష్ము ఎదుటికి వచ్చి మాట్లాడడు. 'నీ మంచి కోరే చెబుతున్నాను, వచ్చి మాట్లాడుకుందాం' అన్న తీపి పూత కూడా పూశాడు. ఇవాళ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తిరిగే స్క్రీన్‌షాట్ ఆ ముద్ర లేని ఉత్తరానికి మనవరాలు. మనిషికి రాసినట్టు ఉంటుంది, గురి మాత్రం చుట్టూ ఉన్న పాఠకులే.

నెహెమ్యా ఏం చేశాడు? అంతకుముందు నాలుగుసార్లు మాటలకు రమ్మని కబురొస్తే నాలుగుసార్లూ ఒకే జవాబిచ్చాడు. చేతిలో గొప్ప పని ఉంది, దాన్ని ఆపి దిగి రాలేను అన్నదే దాని సారం. ఐదోసారి వదంతి రాగానే అలాంటిదేమీ లేదని, అది నువ్వు కల్పించిందేనని ఒక్క ముక్కలో తేల్చాడు. గష్ము ఇంటికి వెళ్లలేదు, తన వైపు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోలేదు, ఎదురు ఉత్తరాలు ఊరంతా పంచలేదు. చేతులకు బలమివ్వమని దేవుణ్ని అడిగాడు (6:9). గమనించండి, శత్రువుల నోళ్లు మూయమని అడగలేదు. తన చేతులు ఆగకూడదని అడిగాడు.

మౌనమూ చాడీని కంటుంది

చాడీలకు ఉద్యోగులనే తప్పుపట్టి ఊరుకుంటే అది సగం న్యాయమే. వదంతి ఎప్పుడు పుడుతుందో గార్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1947లోనే ఒక పుస్తకంలో వివరించారు. విషయం వినేవారికి ముఖ్యమైనదై ఉండాలి, దానిపై స్పష్టత ఉండకూడదు. ఈ రెండూ కలిసిన చోట వదంతి దానంతటదే మొలుస్తుంది. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఎండిపోతుంది.

మన జంక్షన్ చుట్టుపక్కలవారికి ఇది అనుభవంలో ఉన్నదే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పుడు బాపులపాడు మండలం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది, పక్కనున్న నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. అలాంటి మార్పు వచ్చినప్పుడు ఎవరి సీటు ఏ ఊరికి పోతుందన్నది ఉద్యోగికి ప్రాణంతో సమానమైన ప్రశ్న. పిల్లల చదువులు, ముసలి తల్లిదండ్రులు, కట్టుకున్న ఇల్లు అన్నీ దానితో ముడిపడి ఉంటాయి. అధికారి ఒక కాగితం అంటించి 'ఇంతవరకు తెలిసింది ఇది, మిగతాది ఫలానా రోజున చెబుతాం' అంటే సగం గుసగుసలు ఆగిపోతాయి. ఆయన తలుపు మూసుకుని కూర్చుంటే ప్రతి బంట్రోతూ ఒక గెజిటే!

మరో ఉదాహరణ తెలుగు నేల మరచిపోలేనిది. 2009 జనవరి 7న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు, సంస్థ లెక్కలను ఏళ్ల తరబడి పెంచి చూపామని ఒప్పుకుంటూ లేఖ రాశారు. అప్పటికి ఆ సంస్థలో 50 వేలకు పైగా ఉద్యోగులున్నారు. జీతం వస్తుందా, సంస్థ నిలుస్తుందా అన్న భయం ప్రతి ఇంట్లో చేరింది. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కొత్త బోర్డును నియమించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో సంస్థను టెక్ మహీంద్రా దక్కించుకుంది. ఆ మూడు నెలల పాటు రోజుకో పుకారు వింటూనే, వేలమంది తమ సీట్లలో కూర్చుని ఖాతాదారుల పని ఆపకుండా చేశారు. ఆ సంస్థ చేతులు మారి బతికి బట్టకట్టడానికి ఆ చేతుల పనే ఆధారం. పైనున్నవారు నిజం దాచిన చోట కూడా కింద ఉన్నవారు పని నిలబెట్టగలరని అది రుజువు చేసింది.

మొర వేరు, చాడీ వేరు

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. 'చాడీలు చెప్పకూడదు' అన్న మాటను యాజమాన్యాలు నోళ్లు మూయించడానికి వాడుకోవచ్చు. సంఘాలు కూడా అలా వాడుకోవచ్చు. నెహెమ్యా ఐదో అధ్యాయం దానికి అడ్డుకట్ట. గోడ సగంలో ఉండగా పేదలు మొరపెట్టారు. పొలాలు తాకట్టుపోయాయి, అప్పులపై వడ్డీ పెరిగింది, పిల్లలు దాసులవుతున్నారు, ఆ అప్పులిచ్చింది తోటి యూదులైన పెద్దలే. 'పని జరుగుతున్నప్పుడు ఈ గొడవేమిటి?' అని నెహెమ్యా వారిని కసరలేదు. విన్నాడు, కోపం తెచ్చుకున్నాడు, తనలో తాను ఆలోచించుకున్నాడు, పెద్దలను నిలదీసి సభ పిలిపించి అందరి ఎదుట తీర్పు చెప్పించాడు. తీసుకున్న పొలాలు తిరిగి ఇవ్వాలన్నాడు. తాను మాత్రం అధికారిగా తనకు రావలసిన భత్యాన్ని పన్నెండేళ్లు ముట్టుకోలేదు (5:14).

మొర పరిష్కారం చేయగలవాడి దగ్గరికి వెళుతుంది. చాడీ ఏమీ చేయలేనివాడి దగ్గరికి వెళుతుంది. మొర తన పేరు చెప్పుకోవడానికి సిద్ధంగా ఉంటుంది, చాడీ 'నా పేరు మాత్రం రానీకు' అంటుంది. మొర తీరితే ఆగిపోతుంది, చాడీ తీరదు.

ముఖ్యంగా స్త్రీల విషయంలో ఈ తేడా గట్టిగా చెప్పాలి. పనిచేసే చోట ఒక స్త్రీ తనపై జరిగిన లైంగిక వేధింపును చెప్పుకుంటే అది చాడీ కాదు. అలాంటి ఫిర్యాదు కోసం సుప్రీంకోర్టు 1997లో విశాఖ కేసులో మార్గదర్శకాలిచ్చింది, 2013లో పార్లమెంటు చట్టమే చేసింది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న చోట్ల పనిచేసే స్త్రీల కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు, వివరాలు బయట పెట్టకూడదని కూడా ఆ చట్టం నిషేధించింది. ఎందుకు? ధైర్యం చేసి నోరు తెరిచిన స్త్రీని నోరు మూయించేది చాలాసార్లు నిందితుడి బలం కాదు, టీ బంకు దగ్గర జరిగే చర్చ. 'అసలేం జరిగిందట?' అన్న మన కుతూహలం ఆమెకు రెండో శిక్ష.

వినే చెవి వాటా

చాడీలో చెప్పేవాడి పేరే బయటికొస్తుంది. వినేవాడు పెద్దమనిషిగా మిగిలిపోతాడు. బైబిలు మాత్రం వినేవాడిని వదలలేదు. దావీదు కొడుకు తిరుగుబాటుకు భయపడి యెరూషలేము విడిచి పారిపోతుండగా సీబా అనే సేవకుడు రొట్టెలు, పండ్లు మోసుకుని ఎదురొచ్చాడు. 'నీ యజమాని ఎక్కడ?' అని దావీదు అడిగాడు. తన యజమాని మెఫీబోషెతు రాజ్యం తనకే దక్కుతుందని పట్టణంలోనే ఉండిపోయాడని సీబా చెప్పాడు. మెఫీబోషెతు రెండు కాళ్లూ కుంటివాడు, దావీదు ప్రాణ స్నేహితుడైన యోనాతాను కుమారుడు. దావీదు రెండో మాట అడగకుండా అతని ఆస్తి అంతా అక్కడికక్కడే సీబాకు ఇచ్చేశాడు (2 సమూయేలు 16:1-4). తర్వాత మెఫీబోషెతు వచ్చాడు. రాజు వెళ్లిన రోజు నుంచి గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు. సేవకుడే తనను మోసం చేశాడని చెప్పాడు. అప్పుడు కూడా దావీదు తన తొందరపాటును పూర్తిగా దిద్దుకోలేదు, పొలం ఇద్దరూ పంచుకోండి అన్నాడు (19:24-30). గొల్యాతును గెలిచినవాడు ఒక చెప్పుడు మాట దగ్గర ఓడిపోయాడు!

కష్టకాలంలో రొట్టెలు మోసుకొచ్చినవాడి మాట తీయగా వినిపిస్తుంది. మేనేజర్లూ హెడ్మాస్టర్లూ సంఘ పెద్దలూ పదేపదే గుర్తుంచుకోవలసిన కథ ఇది. మీ గదిలోకి రోజూ కాఫీతో పాటు కబుర్లు తెచ్చేవాడు మీకు కళ్లు, చెవులు అవుతున్నాడనుకుంటారు. నిజానికి మీ కళ్లకు గంతలు కడుతున్నాడు. రెండో పక్షం వినకుండా రాసిన ఒక్క మెమో తర్వాత ఎన్నిసార్లు దిద్దినా సగం పొలమే తిరిగి వస్తుంది.

ప్రార్థన ముసుగు

విశ్వాసుల మధ్య ఈ జబ్బు మరో బట్ట కట్టుకుంటుంది. 'ఫలానా అమ్మాయి కోసం ప్రార్థించండి సిస్టర్... ఆఫీసులో ఆమె పరిస్థితి మీకు తెలుసుగా' అని మొదలవుతుంది. ప్రార్థన మనవి రెండు నిమిషాలు, వివరాలు ఇరవై నిమిషాలు! దేవునికి ఆ వివరాలన్నీ ముందే తెలుసు. చెప్పేది ఆయనకు కాదని చెప్పేవారికీ తెలుసు. క్రొత్త నిబంధనలో సాతానుకు వాడిన గ్రీకు మాట 'దియబొలొస్'. దాని అర్థం నిందలు మోపేవాడు. పౌలు సంఘ పరిచర్యలో ఉండే స్త్రీలు కొండెములు చెప్పేవారు కాకూడదని రాసినప్పుడు (1 తిమోతి 3:11) సరిగ్గా అదే మాటను బహువచనంలో వాడాడు. ఈ సలహా స్త్రీలకే అని నవ్వుకునే పురుషులు ఆఫీసు క్యాంటీన్లో తమ బల్ల వైపు ఒకసారి చూసుకుంటే మంచిది.

మాటకు సరైన చిరునామా

ప్రతి మాటకూ ఒక చిరునామా ఉంటుంది. ఆ మాట ఎవరి గురించో, ఎవరు దాన్ని సరిదిద్దగలరో అదే దాని చిరునామా. తప్పు చేసినవాడి దగ్గరికి మొదట ఒంటరిగా వెళ్లమని యేసుప్రభువు చెప్పారు (మత్తయి 18:15). అతను వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులతో, అప్పటికీ వినకపోతే సంఘం ముందుకు. మనం సాధారణంగా ఈ వరుసను తలకిందులు చేస్తాం. మొదట ఊరికి చెబుతాం, తర్వాత ఇద్దరు ముగ్గురికి, సంబంధించిన మనిషికి మాత్రం చివరిదాకా చెప్పం! అయితే పై అధికారం అడ్డుపెట్టుకుని వేధించేవాడి దగ్గరికి బాధితులు ఒంటరిగా వెళ్లాలని ఈ వాక్యాన్ని వాడకూడదు. అక్కడ సరైన చిరునామా కమిటీ, చట్టం.

ఉద్యోగస్తులు సోమవారం నుంచే మొదలుపెట్టగలిగిన పనులు కొన్నున్నాయి. ఎవరైనా మూడో మనిషి గురించి మొదలుపెడితే 'ఈ మాట ఆయనతో అన్నారా?' అని మెల్లగా అడగండి. గొంతు పెంచనక్కర్లేదు, నీతులు చెప్పనక్కర్లేదు. ఆ ఒక్క ప్రశ్నతో చాలా సరుకు సంచిలోకి తిరిగి వెళ్లిపోతుంది. మీకు వచ్చిన స్క్రీన్‌షాట్‌ను మీ ఫోనులోనే ఆపేయండి. పొయ్యిలోకి కట్టె అందించనివాడు మంట ఆర్పినవాడితో సమానమని సొలొమోను సామెతల భావం (సామెతలు 26:20). పక్క సీటు మనిషి చేసిన మంచి పనిని, అతను లేనప్పుడు, పై అధికారి ముందు చెప్పండి. వీపు వెనుక మాట్లాడటం తెలిసిన నోటికి ఆ విద్య ఇలా కూడా పనికొస్తుంది. మీరు పదిమందిపై అధికారి అయితే, తెలిసినంత నిజాన్ని తెలిసిన రోజే చెప్పండి. మొర వినడానికి వారంలో ఒక గంట తలుపు తెరిచి ఉంచండి.

అన్నిటికంటే ముందు మీ ఇంటి ఎదుట గోడ ఏదో గుర్తుపట్టండి. మీరు కూర్చునే కౌంటరు, మీరు చెప్పే పాఠం, మీరు రాసే లెజరు, మీరు మార్చే సెలైన్ సీసా. దాని అవతల ఒక మనిషి ఉన్నాడు. పింఛను కోసం వచ్చిన ముసలమ్మ, లెక్కల్లో వెనుకబడిన పిల్లవాడు. ఏం చేసినా ప్రభువు కోసమన్నట్టు మనసారా చేయమని పౌలు కొలొస్సయి సంఘంలో రాసింది దాసులకు (కొలొస్సయులకు 3:22-23). జీతం లేని, గుర్తింపు లేని పనిచేసేవారికి! వారి పనికే అంత విలువ ఉన్నప్పుడు మన పనికి ఎంత ఉండాలి?

చాడీలు పూర్తిగా ఆగిపోయే ఆఫీసు ఈ లోకంలో దొరకదు. గోడ పూర్తయ్యాక కూడా యూదా పెద్దలు టోబీయాకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారని, అతని గొప్పలు నెహెమ్యాకు, నెహెమ్యా మాటలు అతనికి మోస్తూనే ఉన్నారని ఆరో అధ్యాయం చివర్లో ఉంది (6:17-19). ఆ సంగతి దాచకుండా రాయడంలోనే ఆ గ్రంథం నిజాయితీ ఉంది. యాభై రెండు రోజుల తర్వాత మాటలు ఆగలేదు. కానీ గోడ లేచింది, గుమ్మాలకు తలుపులు నిలబెట్టారు. ఆ రాత్రి యెరూషలేములో పిల్లలు భయం లేకుండా నిద్రపోయారు.